ఇంజిన్ మార్పిడికి ఇంటి నిల్వ ఊడ్చేస్తారా?

ప్రశ్న: మాది అనంతపురం. చీనీ కాయలు మార్కెట్ యార్డుకు తోలే పికప్ బండి ఉంది. ఇంజిన్ అరిగి పొగ కక్కుతోంది, ఆయిల్ తాగుతోంది, అయినా నడుస్తోంది. వేరే మోడల్ పాత ఇంజిన్ 85 వేలకు ఇస్తామంటున్నారు, కూలి 25 వేలు. నా దగ్గరున్న 1,10,000 అక్కడికే సరిపోతుంది. ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం), క్లచ్ చూసి సర్దుతానని మెకానిక్ అంటున్నాడు. వాటికోసం 40 వేలు మూడు రూపాయల వడ్డీకి తీసుకోవచ్చా? ఇంటి ఖర్చు నెలకు 27 వేలు.

జవాబు: తీసుకోవద్దు. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 36. నలభై వేలకు నెలకు 1,200, ఏడాదికి 14,400 కట్టిన తర్వాత కూడా అసలు అలాగే ఉంటుంది. సొంత బండి నడిపేవాళ్లు ఎందరో ఇలాంటి అప్పుతోనే బండిని అమ్ముకున్నారు. కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

మీ లెక్కలో ఇంజిన్ ధర, కూలి ఉన్నాయి. బండి షెడ్డులో నిలిచే రోజులు లేవు. ఆ రోజుల్లో ఇంటికి పైసా రాదు, నిల్వ కూడా సున్నా. ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చినా మళ్లీ అదే వడ్డీ వ్యాపారి గడప తొక్కాలి.

‘చూసి సర్దుతాను’ అన్న మాటే నన్ను ఎక్కువగా భయపెడుతోంది. ఫ్లైవీల్ బోల్టు రంధ్రాలు వేసే ఇంజిన్ క్రాంక్ షాఫ్టుకు, అంటే ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసుకు, సరిపోవాలి. క్లచ్ ప్లేటు మధ్యలోని పళ్లు మీ గేర్ బాక్సు షాఫ్టు పళ్లతో కలవాలి. క్లచ్ ప్లేటును నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు ఆ ఫ్లైవీల్‌కే బిగియాలి. ఫ్లైవీల్ చుట్టూ ఉండే రింగ్ గేర్ పళ్లు స్టార్టర్ మోటారుకు అందాలి. ఫ్లైవీల్ మందం మారితే, క్లచ్ తొక్కినప్పుడు ప్రెషర్ ప్లేటును నెట్టే రిలీజ్ బేరింగ్ చేరే దూరం కూడా మారుతుంది, క్లచ్ సరిగా విడవదు. కొత్త ఇంజిన్ లాగుడు ఎక్కువై, క్లచ్ పాత కొలతదే అయితే లోడు మీద జారి ప్లేటు కాలిపోతుంది. వీటిలో ఒక్కటి తప్పినా గేర్ బాక్సు మళ్లీ దింపాలి, కూలి మళ్లీ ఇవ్వాలి. అప్పుడు 40 వేలు 60 వేలవుతుంది, ఆ 20 వేలు కూడా అప్పే. ఏ ఇంజిన్‌కు ఏ ఫ్లైవీల్, ఏ కొలత క్లచ్ అన్నది కాగితం మీద రాసి, భాగాలు పక్కపక్కన పెట్టి చూపించమనండి. చూపించలేనివాడికి అడ్వాన్సు ఇవ్వకండి.

నా దృష్టిలో మీకు ముందు కావలసింది అత్యవసర నిధి. మూడు నెలల ఇంటి ఖర్చు, అంటే 81 వేలు, వేరే ఖాతాలో పెట్టి బండి కోసం ముట్టుకోవద్దు. రోజువారీ సంపాదనతో బతికే ఇంటికి ఆరు నెలలది ఉండాలంటాను, మూడు నెలలు కనీసం. ఇక చేతిలో మిగిలేది 29 వేలు. దానితో ఈ మార్పిడి కాదు, కాకపోవడమే మంచిది. ఉన్న ఇంజిన్‌నే విప్పి బోరు చేయిస్తే, అంటే అరిగిన సిలిండర్లను చెక్కించి సరిచేయిస్తే, ఎంతవుతుందో ఇద్దరు మెకానిక్‌లను విడివిడిగా అడగండి. ఫ్లైవీల్, గేర్ బాక్సు మారవు కనుక ఈ చిక్కులు చాలావరకు తప్పుతాయి. అంతవరకు లోడు తగ్గించి, రోజూ ఆయిల్ చూసుకుంటూ నడపండి. ఆగలేని పరిస్థితి వస్తే ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టడం ఆ వడ్డీ కంటే మేలు. చీటీ పాట ముందే పాడుకోవడం మాత్రం వద్దు.

ఎప్పుడైనా వేరే ఇంజిన్ వేయించాలనుకుంటే ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకోండి, ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం మార్పు జరిగిన 14 రోజుల్లో తెలియజేయాలి. ఇంజిన్ నంబరు ఉన్న బిల్లు లేకుండా పాత ఇంజిన్ కొనకండి. బీమా కంపెనీకి కూడా రాతపూర్వకంగా చెప్పండి. ప్రమాదం జరిగి ఆర్సీలో ఒక నంబరు, బండిలో ఇంకో నంబరు కనిపిస్తే, మీ బండి నష్టపరిహారాన్ని తిరస్కరించడానికి వాళ్లకు అదే సాకు కావచ్చు.