అద్దెలతో బతుకుతానంటున్న అబ్బాయి: ఒక తల్లి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. మా అబ్బాయి బీకాం పూర్తిచేసి ఏడాది అయింది. పొలం అమ్మగా 45 లక్షల రూపాయలు వచ్చాయి. ఉద్యోగం వద్దని, ఆ డబ్బుతో హైదరాబాద్‌లో ప్రీలాంచ్‌లో (అంటే అనుమతులు రాకముందే అమ్మే దశలో) రెండు ఫ్లాట్లు తీసుకుని అద్దెలపై బతుకుతానని అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

సమాధానం: అమ్మా, ఇళ్లపై పెట్టుబడి పెట్టాలన్న కోరికలో తప్పు లేదు గాని, ఉద్యోగం కంటే ముందు అద్దెలను నమ్ముకోవడానికి మాత్రం దయచేసి ఒప్పుకోవద్దు.

ముందు లెక్క చూడండి. 40 లక్షలకు పాత ఫ్లాటు కొంటే తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి సుమారు 7.5 శాతం, అంటే మరో 3 లక్షలు అవుతుంది. నెలకు 12,500 అద్దె వచ్చిందనుకున్నా, ఏడాదిలో ఒక నెల ఇల్లు ఖాళీగా ఉండి, ఆస్తి పన్ను, రంగులు, మరమ్మతులు పోగా చేతికి మిగిలేది నెలకు 9 వేలు. పెట్టిన డబ్బుపై ఇది రెండున్నర శాతమే. స్థలం విలువ పెరగవచ్చు, కాని ఆ పెరుగుదల నెలనెలా ఇంట్లోకి బియ్యం తేదు. రెండో ఫ్లాటుకు 20 ఏళ్ల గడువుతో 8.5 శాతం వడ్డీకి 30 లక్షల అప్పు తీసుకుంటే ఈఎంఐ 26 వేలు దాటుతుంది. రెండు అద్దెలు కలిపినా అది తీరదు. పైగా జీతం స్లిప్పులు గాని, ఐటీ రిటర్నులు గాని చూపనిదే బ్యాంకు ఆ అప్పు ఇవ్వడం కష్టం.

ప్రీలాంచ్ విషయంలో నాకు నిజంగా భయంగా ఉంది. చిన్న ప్రాజెక్టులను మినహాయిస్తే, స్థిరాస్తి ప్రాజెక్టుల నియంత్రణ సంస్థ అయిన రెరాలో నమోదు కాకముందే ఫ్లాట్లను ప్రకటించడాన్నీ, బుకింగ్ తీసుకోవడాన్నీ 2016 నాటి చట్టం నిషేధించింది. నమోదైన ప్రాజెక్టులో కూడా, అమ్మకపు ఒప్పందాన్ని రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. యూడీఎస్ (విభజించని వాటా) పేరుతో భూమిలో వాటా రాసిచ్చినా, భవనానికి అనుమతి రాకపోతే మీ చేతిలో ఉండేది కాగితమే.

మీ అబ్బాయికి ఈ రంగంపై నిజంగా మక్కువ ఉంటే, బీకాం చదువుతోనే గృహరుణ సంస్థలోనో, బ్యాంకు రుణ విభాగంలోనో రెండేళ్లు పనిచేయమనండి. అక్కడ రోజూ ఆస్తుల ఫైళ్లు చేతుల్లోంచి వెళ్తాయి గనుక, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు) ఎలా చదవాలో, న్యాయవాది ఏ లోపం చూసి ఫైలు వెనక్కు పంపుతాడో జీతం తీసుకుంటూనే నేర్చుకుంటాడు. ఈసీలో (ఆస్తిపై లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయని, నోటిమాట పంపకాలూ, కోర్టు తగాదాలూ చాలావరకు అందులోకి రావని, అందుకే ఊళ్లో విచారించాలని అప్పుడు తెలుస్తుంది. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, స్థలం చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దైన ఎఫ్‌టీఎల్‌లోకి వస్తుందా అనే ప్రశ్నలు వాటంతటవే నోటికి వస్తాయి. హైదరాబాద్‌లో 2024లో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక ఈ రెండో ప్రశ్న అడగకుండా ఇల్లు కొనడం చాలా ప్రమాదకరం.

ఆ తరువాత ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసానికి అనుమతి పత్రం) ఉన్న, పూర్తయిన ఫ్లాటు ఒక్కటి కొననివ్వండి. అద్దెకిచ్చేటప్పుడు రాతపూర్వక ఒప్పందం, అడ్వాన్సుకు రసీదు, ఖాతా ద్వారా అద్దె తప్పనిసరి. తెలంగాణలో ఏడాదిలోపు లీజునైనా రిజిస్టర్ చేయాలి కాబట్టి, 11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట నమ్మవద్దు. అద్దె ఆగిందని కరెంటు తీసేయడం, తాళం వేయడం చట్టవిరుద్ధమని కూడా అతనికి చెప్పండి.

పొలం మీ దంపతులది అయితే ఆ డబ్బు ప్రస్తుతానికి మీ పేరుమీదే బ్యాంకు డిపాజిట్‌లో ఉంచండి. మీ అబ్బాయిని మాత్రం తాను చూసిన ఆ ప్రాజెక్టు రెరా నంబరు అడిగి తెమ్మనండి. తెస్తే తెలంగాణ రెరా వెబ్‌సైటులో ఇద్దరూ కలిసి చూడండి, తేలేకపోతే ఒక్క రూపాయి కూడా టోకెన్‌గా ఇవ్వవద్దు.