ఆర్కెస్ట్రా నుంచి వక్త కావాలంటే కండక్టర్‌ను అడగకండి

అడిగిన ప్రశ్న ఇది: "అమెరికాలో మా ఊరి తెలుగు పెద్దలు వారానికొకసారి గ్రంథాలయంలో కలుస్తుంటారు. స్థానిక కమ్యూనిటీ ఆర్కెస్ట్రా నుంచి ఎవరినైనా పిలిచి మాట్లాడించాలని ఉంది. ఎవరిని పిలవాలి, ఎలా అడగాలి? పాశ్చాత్య సంగీతం బొత్తిగా తెలియని మా వాళ్లకు అది నచ్చుతుందా?"

తప్పకుండా పిలవండి. అయితే కండక్టర్‌ను, అంటే ముందు నిలబడి చేతి సైగలతో వాద్యకారులందరినీ నడిపించే ఆయనను, పిలవకండి, ఆర్కెస్ట్రా అధ్యక్షులను అసలే పిలవకండి. వెనక వరుసల్లో కూర్చుని వాయించే మామూలు సభ్యులు ఒకరిని, వాయిద్యంతో సహా రమ్మనండి. నేను న్యూజెర్సీలో ఒక కమ్యూనిటీ ఆర్కెస్ట్రాలో చాలా ఏళ్లుగా రెండో వయొలిన్ల వరుసలో వాయిస్తున్నాను. రోటరీ క్లబ్బులకు, గ్రంథాలయాలకు, వృద్ధుల కేంద్రాలకు మా వాళ్లను పంపే బాధ్యత కూడా ఎలాగో నా మీదే పడింది. అందువల్ల ఈ విషయంలో నా అభిప్రాయం చాలా గట్టిది, లెక్కలు చూపమంటే మాత్రం చూపలేను.

కండక్టర్లంటే గౌరవం లేక ఈ మాట అనడం లేదు. మా ఆర్కెస్ట్రా వంటి చోట్ల సాధారణంగా జీతం తీసుకునేది ఆయన ఒక్కరే. సంగీతం పద్ధతిగా చదువుకున్నవారు, పిలిస్తే కాదనకుండా వస్తారు. కానీ బతుకంతా శ్రోతలకు వీపు చూపించి నిలబడే వృత్తి కావడం వల్లనో ఏమో, ముఖాముఖి నిలబడగానే ఆయన పాఠం మొదలుపెడతారు. బాహ్ 1685లో పుట్టాడన్న దగ్గర మొదలైన ఉపన్యాసం బేతోవెన్‌కు చెవుడు వచ్చిన దగ్గరికి చేరేసరికి గదిలో సగం మంది ఫోన్లలో తల దూర్చి ఉంటారు. అధ్యక్షులైతే విరాళాల గురించి మాట్లాడతారు. అది ఆర్కెస్ట్రాకు అవసరమే, మీ పెద్దలకు కాదు.

వెనక వరుసలో వాయించేవారికి సంగీత చరిత్ర పెద్దగా రాదు, అదే వారి బలం. పగలంతా ఇంకేదో ఉద్యోగం చేసుకుని, వారంలో ఒక సాయంత్రం పాఠశాల బ్యాండు గదిలోనో చర్చి హాలులోనో రెండున్నర గంటలు సాధన చేసి ఇంటికి వెళ్లే మనిషికి తన వేళ్లకు ఏది లొంగదో తెలుసు, ఏ చోట దారి తప్పి పక్కవారి కమాను చూసి మళ్లీ అందుకోవలసి వస్తుందో తెలుసు, అంతమంది కలిసి మొదలుపెట్టడం కంటే కలిసి ఆగడం ఎంత కష్టమో తెలుసు. అడిగితే అవే చెబుతారు, వినేవారికి సంగీతం వచ్చినా రాకపోయినా అవి అర్థమవుతాయి.

పిలిస్తే వారికి ఇబ్బందేమోనని మీరు సంకోచించనక్కరలేదు. అమెరికాలో ఇలాంటి ఆర్కెస్ట్రాలు చాలావరకు లాభాపేక్ష లేని సంస్థలు. టికెట్ల మీద వచ్చే డబ్బు ఖర్చులో కొంత భాగానికే సరిపోతుంది. హాలు అద్దె, కండక్టర్ జీతం, కాపీరైటు ఉన్న కృతులకు ప్రచురణకర్తల నుంచి అద్దెకు తెచ్చుకునే స్వరపత్రాలు, వీటన్నిటినీ విరాళాలతోనూ, కచేరీ పుస్తకంలో ఊరి దుకాణాలు వేయించే ప్రకటనలతోనూ, చిన్నాచితకా గ్రాంట్లతోనూ నెట్టుకొస్తారు. కొత్త శ్రోతలు దొరుకుతారంటే ఏ గదికైనా వస్తారు. ఈ సంగతి అమెరికన్ క్లబ్బులకు బాగా తెలుసు. వాటిలో కార్యక్రమాల బాధ్యత చూసేవారికి వచ్చే వారం ఎవరితో మాట్లాడించాలా అన్న వెతుకులాట ఎప్పుడూ తప్పదు కనుక, ఒక రోటరీ క్లబ్బులో నేను మాట్లాడి వచ్చిన కొద్ది రోజులకే నా పేరు పక్క ఊరి క్లబ్బుకు చేరిపోయింది. మన తెలుగు బృందాలు మాత్రం ఎందుకో అడగనే అడగవు.

అడిగిన బృందం ఒకటుంది, దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కూతురి పురుటికో మనవల ఆలనాపాలనకో వచ్చి ఆరు నెలలు ఉండిపోయే తల్లిదండ్రులు మా దగ్గరి గ్రంథాలయంలో ఉదయం పూట కలిసి కూర్చుంటారు. సంగీతం గురించి ఎవరినైనా పంపమని వారు కోరితే, నేను మా ఆర్కెస్ట్రాలో రెండో ఓబో (పీకతో ఊదే చెక్క వాయిద్యం) వాయించే ఆవిడను తీసుకుని వెళ్లాను. ఆవిడ వృత్తి ఆదాయపు పన్ను లెక్కలు చూడడం, ఏప్రిల్ మధ్య దాటితే తప్ప ఆవిడకు తీరిక ఉండదు. ఆవిడ ఇంగ్లీషులో చెబుతుంటే నేను తెలుగులో చెప్పాలన్నది ఏర్పాటు.

ఆవిడ ఉపన్యాసం ఏదీ రాసుకుని రాలేదు. బల్ల మీద ఒక చిన్న గిన్నెలో నీళ్లు పోసి, అందులో ఓబో పీకను, అంటే ఊదడానికి వాయిద్యం కొసన పెట్టే రెల్లు ముక్కను, వేసి, "ఇది నానాలి, అంతవరకు మాట్లాడుకుందాం" అన్నారు. పక్కనే ఒక చాకు, ఎండిన రెల్లు గొట్టాలు నాలుగైదు, దారపు ఉండ పెట్టారు. ఓబో పీకను చాలామంది స్వయంగా చేసుకుంటారనీ, రెల్లును చీల్చి, మడిచి, రెండు రేకులుగా దారంతో చుట్టి, వెంట్రుక మందాన చెక్కాలనీ, తను వాయించే సమయం కంటే చెక్కే సమయమే ఎక్కువనీ, అంత చేసినా కొద్ది వారాలకే అది పనికిరాకుండా పోతుందనీ చెప్పారు. తరువాత పీకను ఒక్కదాన్నే పెదవుల మధ్య పెట్టుకుని ఊదారు. కాకి అరిచినట్టు వచ్చింది. ఓబో వాద్యకారులు కూడా దాన్ని కాకి అరుపనే అంటారు, ఆ అరుపు సరిగా లేకపోతే పీక సరిగా లేనట్టే లెక్క.

అంతలో వెనక గోడకు ఆనుకుని కూర్చున్న ఒక పెద్దాయన లేచి నిలబడి, "ఏమ్మా, ఆ పీకని ఒకసారి ఇటు ఇమ్మని అడుగమ్మా" అన్నారు. అంతకుముందు ఏ కార్యక్రమంలోనూ ఆయన పెదవి విప్పి ఎరగరట. ఆయనది ఒంగోలు దగ్గర ఊరు. నాదస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానా పుట్టిన కరవది ఆ పక్కనే. ఈయన తాతగారు కూడా పెళ్లిళ్లకు సన్నాయి వాయించేవారట, చిన్నప్పుడు ఈయన ఆ వెంట తిరిగారు. పీకను అరచేతిలో పెట్టుకుని, రెండు రేకులు కలిసే అంచును వేలిగోటితో తడిమి చూసి, "మా దానికంటే బాగా సన్నం. ఇందులోంచి ఊపిరి ఎట్లా పోతుంది?" అని అడిగారు.

నేను ఆ ప్రశ్నను ఇంగ్లీషులో చెప్పగానే మా ఓబో ఆవిడ ముఖం విప్పారింది. ఊపిరి పోకపోవడమే ఓబోతో అసలు కష్టమని చెప్పారు. పీక నోరు అంత ఇరుకు కాబట్టి ఊదినదానిలో కొంచెమే లోపలికి వెళుతుంది, మిగిలినది ఛాతీలో నిలిచిపోతుంది, స్వరానికీ స్వరానికీ మధ్య సందు దొరికినప్పుడు ముందు ఆ పాత ఊపిరిని వదిలి, ఆ తరువాతే కొత్తది పీల్చుకోవాలి. పెద్దాయన అది విని గట్టిగా నవ్వారు. "మా తాతకి ఊపిరి చాలక కళ్లు తిరిగేవి. ఈమెకి మిగిలిపోయి తిరుగుతాయన్నమాట!" అన్నారు. సన్నాయి పీక వెడల్పైనది, దానికి ఎంత ఊపిరైనా కావాలి. ఆ తరువాత నేను మధ్యలో ఉన్నానన్న సంగతే ఇద్దరూ మరచిపోయారు. సన్నాయి వాద్యకారులు అదనపు పీకలనూ, వాటి నోరు సరిచేసుకునే పుల్లనూ వాయిద్యానికే దారంతో వేలాడదీసుకుంటారని ఆయన చేతులతో చూపిస్తుంటే, ఆవిడ తన చేతిలోని కచేరీ కరపత్రం వెనక బొమ్మ గీసుకున్నారు. ఇంకొకావిడ, రెల్లును నీళ్లలో కాకుండా నోట్లోనే నానబెట్టకూడదా అని అడిగారు. తాళి కట్టే సమయంలో పీక చీలిపోతే ఏం చేసేవారని మరొకరు పెద్దాయనను అడిగారు. అరగంట అనుకున్న కార్యక్రమం, గది తరువాత వాడుకోవలసిన కుట్టుపని బృందం వచ్చి తలుపు కొట్టేవరకు సాగింది. ఆ ఉదయమంతా బేతోవెన్ పేరు ఎవరూ ఎత్తలేదు.

జూన్ మొదట్లో మా కచేరీకి ఆ బృందంలో చాలామంది వచ్చారు, కార్లు నడపడానికి కొడుకులూ కోడళ్లూ కూడా రాక తప్పలేదు. ఆ రోజు మేం వాయించినది చెక్ స్వరకర్త ద్వోర్జాక్ 'న్యూ వరల్డ్' సింఫనీ. న్యూయార్క్‌లో నేషనల్ కన్సర్వేటరీకి డైరెక్టరుగా ఉన్న కాలంలో ఆయన రాసినది. దాని రెండో భాగంలో ఓబోకు పెద్దక్క వంటి కోర్ ఆంగ్లే అనే వాయిద్యానికి నిదానమైన ఒంటరి రాగం ఒకటి ఉంది, ఆ రోజు దాన్ని వాయించినది మా పన్నుల ఆవిడే. కచేరీ అయ్యాక పెద్దాయన నా దగ్గరికి వచ్చి రాగం బాగుందనో బాగాలేదనో అనలేదు; "ఆమె ఊపిరి ఎక్కడెక్కడ వదిలిందో చూశానమ్మా" అన్నారు. కండక్టర్ ఉపన్యాసం విని వచ్చినవారిలో ఒక్కరు కూడా దాన్ని చూసి ఉండరని నేను పందెం కాస్తాను.

నచ్చుతుందా అన్న మీ సందేహానికి నా దగ్గర ఉన్న ఆధారం ఇదొక్కటే, నాకు ఇది చాలు. మనకూ ఈ సంగీతానికీ సంబంధం ఏమిటని మీ బృందంలో ఎవరైనా అడిగితే వయొలిన్‌నే చూపించండి. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో యూరోపియన్ల దగ్గర నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన వాయిద్యం అది. ముత్తుస్వామి దీక్షితులు స్వయంగా బ్యాండు మెట్లకు సంస్కృత సాహిత్యం కట్టి నొట్టుస్వరాలు చేశారు. వాటిలో 'సంతతం పాహి మాం' బ్రిటిష్ జాతీయ గీతం మెట్టు, అమెరికన్లకు అదే మెట్టు తమ దేశభక్తి గీతంగా తెలుసు. రోటరీ క్లబ్బుల్లో నేను దాన్ని వాయిస్తే అందరూ గుర్తుపడతారు, సాహిత్యం దేవి మీదని చెప్పాక ప్రశ్నలు ఆగవు. నాది విజయనగరం, మహారాజా వారి సంగీత కళాశాలలో సాయంత్రాలు నేర్చుకున్నదాన్ని కాబట్టి అక్కడ పాఠాలు చెప్పి తరువాత ప్రిన్సిపాల్ అయిన ద్వారం వేంకటస్వామి నాయుడు గారి సంగతి తేకుండా ఉండలేను. ఆయన 1893 నవంబరులో పుట్టారు, 'న్యూ వరల్డ్' సింఫనీని న్యూయార్క్‌లో మొదటిసారి వినిపించినది అదే ఏడాది డిసెంబరులో. ఆ మాట చెప్పి, చెప్పులు విప్పి, నేల మీద కూర్చుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించుకుని, తీగలను స-ప-స-పలకు మార్చి ఒక వర్ణం వాయిస్తే, అప్పటివరకు కాఫీ కలుపుకుంటున్నవారు కూడా కుర్చీలు దగ్గరికి జరుపుకుంటారు. మీరు పిలిచేవారిలో తెలుగువారు లేకపోయినా ఫరవాలేదు, మీ బృందంలో వీణో సన్నాయో డప్పో తెలిసినవారు ఒకరుంటే ఆ రోజు వారిని ముందు వరుసలో కూర్చోబెట్టండి.

మన సభల అలవాట్లు కొన్ని మాత్రం ఆ రోజుకు ఇంట్లో వదిలేసి రండి. వక్త పరిచయాన్ని ఫోన్లో చూస్తూ పది నిమిషాలు చదవకండి. పన్ను లెక్కలు చూస్తారు, ఓబో వాయిస్తారు అంటే చాలు. మే నెల ఎండలో మనిషికి శాలువా కప్పి, చేతిలో వాయిద్యం ఉందని కూడా చూడకుండా బరువైన జ్ఞాపిక పెట్టి, కార్యవర్గం అంతటితో ఫొటో తీయించడం నేను కళ్లారా చూశాను. ఆ రోజు పాపం ఆయన తన ఫ్రెంచ్ హార్న్‌ను, అంటే చుట్టలు చుట్టిన ఇత్తడి బూరాను, చంకలో ఇరికించుకుని నిలబడ్డారు. ప్రొజెక్టర్ వద్దు. పిల్లల తల్లిదండ్రులను కూడా పిలిస్తే, ఏ వాయిద్యం నేర్పితే కాలేజీ సీటు సులువుగా వస్తుందని ఎవరో ఒకరు లేచి అడగక మానరు. దానికి చాలామంది దగ్గర సిద్ధంగా ఉండే జవాబు బాసూన్ (ఓబోలాగే పీకతో ఊదే పొడవాటి మంద్ర వాయిద్యం), ఎందుకంటే దాన్ని వాయించేవారు ఎప్పుడూ తక్కువే. కానీ ఆ ప్రశ్న వచ్చాక మిగిలిన సమయమంతా దానికే పోతుంది కాబట్టి, అది వేరే రోజు మాట్లాడుకుందామని మీరే ముందుకు వచ్చి ఆపండి.

అడిగే పద్ధతి సులువే. ఆర్కెస్ట్రా వెబ్‌సైటులో ఉన్న చిరునామాకు ఒక ఈమెయిల్ రాయండి. ఎంతమంది ఉంటారు, ఏ వయసువారు, ఏ భాష, తెలుగులో ఎవరు చెబుతారు, ఎంతసేపు అన్నవి రాసి, "ఓబో గాని బాసూన్ గాని హార్న్ గాని వాయించేవారు కావాలి, ఉపన్యాసం అక్కరలేదు, వాయిద్యం గురించి మాట్లాడితే చాలు" అని స్పష్టంగా చెప్పండి. అలా చెప్పకపోతే మీ ఈమెయిల్ నేరుగా కండక్టర్ దగ్గరికి వెళుతుంది. సాధారణంగా డబ్బు అడగరు. పెట్రోలు ఖర్చు ఇస్తామనండి, లేదా తరువాతి కచేరీకి బృందంగా టికెట్లు కొనండి, వారికి రెండోదే ఎక్కువ సంతోషం. గదిలో చేతులు లేని కుర్చీ ఒకటి ఉండాలి, చేతుల కుర్చీలో కూర్చుని చెల్లో గాని వయొలిన్ గాని వాయించలేరు. పీక ఉన్న వాయిద్యమైతే ఒక గిన్నెలో నీళ్లు పెట్టండి. ఆర్కెస్ట్రాల ఏడాది మామూలుగా సెప్టెంబరులో మొదలై జూన్ మొదట్లో ముగుస్తుంది; కచేరీకి ముందు రెండు వారాలు ఎవరికీ తీరిక ఉండదు, డిసెంబరు అసలే కుదరదు. జనవరికి గాని ఏప్రిల్ చివరికి గాని అడగండి, కనీసం ఆరు వారాల ముందు రాయండి.