ఉత్తరాలే తగ్గిపోతుంటే ఈ ఉద్యోగం నిలుస్తుందా?

ప్రశ్న: మాది సిద్దిపేట జిల్లాలో ఒక ఊరు. అమ్మాయి ఈసీఈ డిప్లొమా చివరి సంవత్సరంలో ఉంది. బ్యాంకు స్టేట్‌మెంట్లు, చెక్‌బుక్కులు ప్రింట్ చేసి కవర్లలో పెట్టి పంపే కంపెనీ ఒకటి హైదరాబాద్‌లో ఉందట. అందులో కెమెరా ఇన్‌స్పెక్షన్ టెక్నీషియన్‌గా తీసుకుంటామన్నారు. అందరూ అన్నీ ఫోన్లోనే చూసుకుంటున్నారు కదా, ఇప్పుడు ఉత్తరాల కంపెనీలో చేరితే నాలుగేళ్లకు రోడ్డున పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పైగా షిఫ్టులు. బీటెక్‌కే పంపమంటారా?

జవాబు: నమస్తే అండీ. మీ భయం ఊరికే వచ్చింది కాదు. కాగితం మీద వచ్చే స్టేట్‌మెంట్లు తగ్గుతున్నాయి, ఇంకా తగ్గుతాయి. అమ్మాయిని ట్రేలు నింపే పనికో, కవర్లు సర్దే పనికో పిలిచి ఉంటే నేనూ వద్దనే చెప్పేవాణ్ని. కానీ పిలిచింది కెమెరా దగ్గరికి. మీరు దాన్ని ఉత్తరాల పని అనుకుంటున్నారు. అది తప్పు పట్టుకునే పని. ఆ తేడా అర్థమైతే మీ నిర్ణయం సగం తేలికవుతుంది.

కొన్నేళ్ల క్రితం మా ఇంటికి ఒక కవరు వచ్చింది. పైన నా పేరు, నా అడ్రసే. లోపల మొదటి కాగితం కూడా నాదే. రెండోది మాత్రం ముక్కూమొహం తెలియని మనిషిది. ఆయన ఆస్పత్రికి ఎంత కట్టాడో, నెలాఖరుకు ఖాతాలో ఎంత మిగిలిందో అంతా అందులో ఉంది. నా రెండో కాగితం ఎవరి చేతికి చేరిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇలాంటి తప్పు ఒక్కరితో ఆగదు. కాగితాల దొంతరలోంచి ఒక్కొక్కటి లాగి, మడిచి, కవర్లో పెట్టి, మూతి అంటించే యంత్రాన్ని ఇన్సర్టర్ అంటారు. పెద్దవైతే గంటకు 10,000 కవర్లు దాటిస్తాయి, అంటే సెకనుకు దాదాపు మూడు. తలా రెండు కాగితాలు పెట్టాలనుకోండి. తేమకో మరో కారణానికో మొదటి మనిషి కాగితాలు రెండూ అతుక్కుని ఒకటిగా లెక్కకొచ్చాయి. యంత్రానికి ఇంకొకటి కావాలి కాబట్టి రెండో మనిషి మొదటి కాగితాన్ని లాగి అదే కవర్లో పెట్టేస్తుంది. ఆ తర్వాత రెండో మనిషి మిగతా కాగితానికి మూడో మనిషి కాగితం జతవుతుంది. ఎవరూ చూడకపోతే దొంతర అయిపోయేదాకా ప్రతి కవరూ తప్పే. ఆ వేగంలో మనిషి కన్ను పట్టుకోలేదు.

అందుకే ప్రతి కాగితం అంచున చిన్న బార్‌కోడో, చుక్కల చదరంలా ఉండే కోడో ముద్రిస్తారు. ఇది ఎవరి కాగితం, మొత్తం ఎన్నిట్లో ఎన్నోది అన్నది అందులో ఉంటుంది. కెమెరా దాన్ని చదివి, వరస తప్పితే ఆ కవరును పక్క ట్రేలోకి తోయిస్తుంది, లేదంటే యంత్రాన్నే ఆపేస్తుంది. మూతి అంటించాక చాలాచోట్ల మరో కెమెరా కవరు కిటికీలోంచి కనబడే అడ్రసునో కోడునో చదివి, ఫలానావాళ్ల కవరు బయటికి వెళ్లిందని నమోదు చేస్తుంది. పని ముగిశాక లెక్క తేలాలి. బ్యాంకు ఇచ్చిన ఫైల్లో ఎన్ని పేర్లు, ఎన్ని కవర్లు వెళ్లాయి, ఎన్ని చెడిపోయాయి, చెడినవన్నీ మళ్లీ ప్రింటయ్యాయా అన్నది ఒక్కటి కూడా తేడా రాకూడదు. చెక్‌బుక్కుల్లో ఇంకా జాగ్రత్త కావాలి. చెక్కు అడుగున అయస్కాంత సిరాతో ముద్రించే వరసలో 6 అంకెల చెక్కు నంబరు, 9 అంకెల ఎంఐసీఆర్ కోడ్ ఉంటాయి. ఆ తొమ్మిదిలో మొదటి మూడు ఊరికి, తర్వాతి మూడు బ్యాంకుకు, చివరి మూడు బ్రాంచికి. నంబరు వరస తప్పినా, మధ్యలో ఒక చెక్కు లేకపోయినా ఆ పుస్తకం గేటు దాటకూడదు.

ఇక అమ్మాయి అక్కడ నేర్చుకునేది ఏమిటంటారా? కాగితం సెకనుకు 2 మీటర్ల వేగంతో పోతోందనుకుందాం. కెమెరా సెకనులో వెయ్యో వంతు తెరుచుకుంటే ఆలోపే కాగితం 2 మిల్లీమీటర్లు జరిగిపోతుంది, బార్‌కోడ్ గీతలన్నీ అలుక్కుపోయి బూడిదరంగు మరకలా కనిపిస్తాయి. సెకనులో 20,000వ వంతు తెరిస్తే జరిగేది 0.1 మిల్లీమీటరే, గీతలు విడివిడిగా పడతాయి. కానీ అంత తక్కువ సమయంలో చాలినంత వెలుతురు రావాలంటే లైటు పెంచాలి. లైటు పెంచితే కవరు కిటికీకి ఉండే ప్లాస్టిక్ తళుక్కుమని అక్షరాలు కనబడవు, అప్పుడు లైటు కోణం మార్చాలి. లైటు, లెన్స్, సెన్సర్, కాగితం వేగం చెప్పే ఎన్‌కోడర్, సాఫ్ట్‌వేర్ అన్నీ ఒక తాటిమీదికి తేవడమే ఈ విద్య. ఈసీఈ చదివిన పిల్లకు ఇది సొంత ఇల్లులాంటి పని.

ఈ విద్య కాగితంతో పోదు. 2023 ఆగస్టు 1 నుంచి మన దేశంలో 300 బ్రాండ్ల మందుల ప్యాకింగ్ మీద బార్‌కోడో క్యూఆర్ కోడో తప్పనిసరైంది. దాన్ని ముద్రించాక చదివి సరిచూసే కెమెరా కూడా ఇదే జాతిది. హైదరాబాద్ చుట్టూ ఎన్ని మందుల ఫ్యాక్టరీలున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. సీసాల మూతలు, లేబుళ్లు, మొబైల్ బోర్డుల తనిఖీలోనూ ఇదే పని. అంటే అమ్మాయి నేర్చుకునేది రేపు ఇంకో గేటు దగ్గర అక్కరకొస్తుంది.

అయితే ఒక షరతు. ఎర్ర లైటు వెలిగితే ఇరుక్కున్న కాగితం తీసి మళ్లీ స్టార్ట్ నొక్కడమే ఆమె పని అయితే ఏడాదికి మించి ఉండొద్దు. కెమెరా సెట్ చేసే పని నేర్పుతారా అని ఇంటర్వ్యూలోనే అడగమనండి. ఇంకో ప్రశ్న నేను ప్రత్యేకంగా చెప్తున్నాను: "కెమెరాను బైపాస్‌లో పెట్టే, అంటే తనిఖీ లేకుండా మెషిన్ నడిపే అధికారం ఎవరికుంది, పెట్టినప్పుడు లాగ్‌లో నమోదవుతుందా?" సెట్టింగ్ సరిగ్గా లేని కెమెరా మంచి కవర్లను కూడా తప్పని తోసేస్తుంది. అప్పుడు టార్గెట్ అందుకోవాలన్న తొందరలో కెమెరాను ఆపేసి మెషిన్ నడపాలనిపిస్తుంది. అలా ఆపే పాస్‌వర్డ్ అందరి దగ్గరా ఉన్న చోట మీ అమ్మాయి పని నేర్చుకోదు, రేపు ఏదైనా జరిగితే మాట మాత్రం ఆమె మీదికి రావచ్చు. అలాంటి చోటికి పంపకండి.

చేరే ముందు ఇంట్లోనే ఒక చిన్న ప్రయత్నం చేయించండి. పాత ల్యాప్‌టాప్, మామూలు వెబ్‌క్యామ్ చాలు. ప్రోగ్రామ్ రాసే పైథాన్ భాష, కెమెరా బొమ్మల్ని చదివే ఓపెన్‌సీవీ సాఫ్ట్‌వేర్ రెండూ ఉచితమే. 50 కాగితాల మీద వరస నంబర్లతో బార్‌కోడ్‌లు ప్రింట్ చేసి, ఒకటి తీసేసి, ఒకటి రెండుసార్లు పెట్టి, ఆ రెండు తప్పుల్నీ ప్రోగ్రామ్‌తో పట్టించమనండి. తర్వాత స్పీడ్ పోస్ట్ నంబరు తీసుకోమనండి. రెండు అక్షరాలు, 9 అంకెలు, చివర ఐఎన్ ఉంటాయి కదా, ఆ తొమ్మిదో అంకె ముందున్న ఎనిమిదికి కాపలా. ఎనిమిది అంకెల్నీ వరసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో హెచ్చించి కూడాలి. మొత్తాన్ని 11తో భాగించి, శేషాన్ని 11లోంచి తీసేయాలి. 10 వస్తే 0, 11 వస్తే 5 రాసుకోవాలి. ఉదాహరణకు 12345678కి మొత్తం 204, శేషం 6, కాబట్టి తొమ్మిదో అంకె 5. కెమెరా ఒక అంకెను తప్పు చదివితే ఈ లెక్క దాదాపు ప్రతిసారీ పట్టిస్తుంది. పది వరసల ప్రోగ్రామ్ ఇది. ఇంటర్వ్యూలో ఇది చూపించగలిగితే మార్కుల మెమో కంటే గట్టిగా మాట్లాడుతుంది.

బీటెక్ సంగతి. డిప్లొమా వాళ్లు బీటెక్‌లో చేరడానికి రాసే ఈసెట్ పరీక్ష తప్పకుండా రాయించండి. మంచి ప్రభుత్వ కాలేజీలో ఈసీఈ సీటు వస్తే నేరుగా రెండో సంవత్సరంలో చేరుతుంది కాబట్టి మూడేళ్ల చదువే, అప్పుడు ఉద్యోగం వదిలేయొచ్చు. రాకపోతే అప్పుచేసి ఎక్కడో ఒక చోట చేర్చడం కంటే ఈ ఉద్యోగమే మేలని నా అభిప్రాయం. ప్రభుత్వ కొలువు మీద ఆశ ఉంటే, నోట్లు, నాణేలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎస్పీఎంసీఐఎల్ కింద హైదరాబాద్‌లో సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్, మింట్ (నాణేల ముద్రణశాల) ఉన్నాయి. వాటి నోటిఫికేషన్లు వచ్చినప్పుడు ఏ ట్రేడు, ఏ డిప్లొమా అడిగారో చదువుకోమనండి.

షిఫ్టుల గురించి మీరు వెనకాడటం సహజం. రాత్రి డ్యూటీ ఉంటుందా, ఉంటే ఇంటిదాకా దింపే బండి కంపెనీదేనా, ఆ షిఫ్టులో ఇంకా ఎంతమంది ఆడవాళ్లుంటారు అన్నవి నోటిమాటగా కాక రాతపూర్వకంగా తీసుకోండి. వీలైతే జాయినింగ్‌కు ముందు ఒకరోజు మీరూ అమ్మాయితో వెళ్లండి. కస్టమర్ల వివరాలుండే చోటు కాబట్టి ప్రింటింగ్ హాల్లోకి మిమ్మల్ని రానివ్వకపోవచ్చు, ఫోన్లు గేటు దగ్గరే తీసుకోవచ్చు. అలా చేస్తే నొచ్చుకోకండి, అది మంచి గుర్తే.