ముప్పై ఒకటో ఏట నర్సింగ్‌లో చేరవచ్చా?

ప్రశ్న: నా వయసు 31. ఇంటర్‌లో సీఈసీ, ఆ తర్వాత బీకాం చదివి, ఎనిమిదేళ్లుగా కరీంనగర్‌లో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంట్‌గా పనిచేస్తున్నాను. మా అత్తగారు ఆసుపత్రిలో ఉన్న పన్నెండు రోజులూ నేనే దగ్గరుండి చూసుకున్నాను. అప్పటి నుంచి నర్సు కావాలన్న కోరిక బలపడింది. మాకు ఆరేళ్ల బాబు ఉన్నాడు. బీఎస్సీ నర్సింగ్‌లో చేరవచ్చా? ఈ వయసులో ఇది సరైన నిర్ణయమేనా?

జవాబు: నర్సింగ్‌లో చేరడానికి మీకు అవకాశం ఉంది, కానీ మీరు అడిగిన కోర్సులో కాదు. బీఎస్సీ నర్సింగ్‌కు ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివి ఉండాలి; మీ బీకాం డిగ్రీ ఆ లోటును పూడ్చదు. మీకు తగినది మూడేళ్ల జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) డిప్లొమా కోర్సు. ఇంటర్ ఏ గ్రూపులో చదివినా, మొత్తం మీద, ఇంగ్లిష్‌లోనూ 40 శాతం మార్కులుంటే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం దీనికి అర్హులే, అయితే సీట్ల కేటాయింపులో సైన్స్ గ్రూపు వారికి ముందుగా అవకాశం ఇచ్చే వీలుంది కాబట్టి ఆ సంవత్సరపు నోటిఫికేషన్‌లో ఆ నిబంధనను శ్రద్ధగా చదవండి. జీఎన్ఎం పూర్తయి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ పొందాక, రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదివితే డిగ్రీ కూడా చేతికి వస్తుంది. ప్రవేశానికి గరిష్ఠ వయసు 35 ఏళ్లు. అంటే మీకు వ్యవధి ఉంది కానీ, బాబు కాస్త పెద్దవాడయ్యాక చూద్దామని నాలుగైదేళ్లు ఆగేంత వ్యవధి లేదు.

చేరే వయసు కంటే చదువు ముగిసే వయసును లెక్క వేసుకోవడం ముఖ్యం. ఇప్పుడే చేరితే మీరు 34 ఏళ్లకు స్టాఫ్ నర్సు అవుతారు. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ల నియామకానికి జరిపే నార్‌సెట్ పరీక్షకు సాధారణ వయోపరిమితి 30 ఏళ్లు, పైగా జీఎన్ఎం వారికి కనీసం యాభై పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్ల సడలింపు ఉన్నా అప్పటికి ఆ దారి మీకు మూసుకుపోయినట్లే. ఈ సంగతి చేరాక తెలిసి బాధపడిన వారిని చూశాను కనుక ముందే చెబుతున్నాను. తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రుల నియామకాల్లో మాత్రం ఇటీవలి వయోపరిమితి 40 దాటే ఉంది. విదేశాల సంగతికి వస్తే, అనుభవంతో పాటు భాష కూడా నేర్చుకోవాలి; జర్మనీలో నర్సుగా గుర్తింపుకు సాధారణంగా బీ2 స్థాయి, అంటే ధారాళంగా మాట్లాడగలిగేంత జర్మన్ అడుగుతారు.

ఇక మీ కారణం గురించి. అత్తగారి దగ్గర మీరు గడిపిన పన్నెండు రోజులు విలువైనవే. అయితే అప్పుడు మీరు చూసుకున్నది ఒక్క మనిషిని, అదీ మీ మనిషిని. వార్డులో నర్సు ముందు పదిమంది ఉంటారు. వారిలో కసురుకునే రోగి, తోడు ఎవరూ లేని వృద్ధుడు, తెల్లవారే సరికి కన్నుమూసేవారూ ఉండవచ్చు, వీరందరి మధ్యా మందు మోతాదు తప్పకూడదు. తెలిసిన స్టాఫ్ నర్సు ఎవరైనా ఉంటే వరుస నైట్ డ్యూటీల తర్వాత ఆమె ఇల్లు ఎలా నడుస్తోందో తీరిగ్గా అడిగి తెలుసుకోండి. మీ ఎనిమిదేళ్ల లెక్కల పని వృథా పోతుందని మాత్రం అనుకోవద్దు: రోగి ఒంట్లోకి వెళ్లిన, బయటకు వచ్చిన ద్రవాల లెక్క (ఇన్‌టేక్, అవుట్‌పుట్ చార్టులు) రాయడం, మందుల నిల్వ సరిచూసుకోవడం, డ్యూటీ మారేటప్పుడు ఏదీ విడిచిపెట్టకుండా అప్పగించడం, ఇవన్నీ లెక్క తప్పని అలవాటున్న వారికే బాగా అబ్బుతాయి.

అన్నిటికన్నా కష్టమైన విషయం ఇల్లు. జీఎన్ఎం పూర్తికాల కోర్సు. దూరవిద్యలో లేదు, ఆదివారపు తరగతులతో పూర్తి చేయిస్తామనే వారిని నమ్మవద్దు. తరగతి గంటల కంటే ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునే గంటలే ఎక్కువ కనుక ఉద్యోగం మానక తప్పదు, అందువల్ల మూడేళ్ల పాటు మీ జీతం లేకుండా ఇల్లు నడుస్తుందా అన్నది మీ భర్తతో కూర్చుని నెలవారీగా రాసి చూసుకోవాలి. చాలా నర్సింగ్ స్కూళ్లు హాస్టల్‌లో ఉండాలంటాయి. చిన్నపిల్లవాడున్న తల్లికి ఇంటి నుంచి వచ్చే వీలుందో లేదో ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ వద్దే ఉంచుకుంటామని, చదువయ్యాక తమ ఆసుపత్రిలోనే ఇన్నేళ్లు పనిచేయాలని బాండ్ కోరే చోట చేరకపోవడం మంచిది. స్కూల్‌కు కౌన్సిల్ గుర్తింపు ఈ ఏటికి ఉందో లేదో చూడటంతో ఆగక, అనుబంధ ఆసుపత్రికి ఒక పగటిపూట వెళ్లి పడకలపై రోగులు నిజంగా ఉన్నారో లేదో కళ్లతో చూసి రండి. రోగులు లేని ఆసుపత్రిలో మూడేళ్లు గడిపినా చేతికి పని రాదు.

మీ ఇంటర్ మార్కుల మెమో తీసి, ఇంగ్లిష్‌లో ఎంత వచ్చిందో ముందు చూసుకోండి. అక్కడ 40 శాతం ఉంటే మిగిలిన పత్రాలు సిద్ధం చేసుకుని నోటిఫికేషన్ కోసం ఎదురుచూడవచ్చు.