మ్రొక్కుబడి చేసుకుని కన్న కొడుకు సేవ వద్దంటున్నాడు, ఏం చేయాలి?

తెనాలి దగ్గర నుంచి రాసిన అమ్మకి వందనాలు. రెండుసార్లు గర్భం పోయాక బాబు కడుపులో పడ్డాడు, అప్పుడే వీణ్ణి నీ సేవకి ఇస్తాను ప్రభువా అని మ్రొక్కుబడి చేసుకున్నారు. ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఆదివారం పాస్టర్ గారు ప్రార్థన చెయ్యమని మైకు ఇస్తే బయటికి వెళ్లిపోయాడు, ఇంటికొచ్చాక "నన్నడిగి మొక్కుకున్నావా" అన్నాడు, మీవారేమో దేవుడికిచ్చిన మాట తప్పితే ఇంటికి శాపం తగులుతుందని వాణ్ణి బెదిరిస్తున్నారు, మీకు నిద్ర లేదు. ఇదీ మీరు రాసింది.

ముందు ఆ శాపం మాట ఆపేయండమ్మా, ఇవాళే. పద్నాలుగేళ్ల పిల్లాడికి దేవుడంటే అప్పు వసూలు చేసేవాడని నేర్పితే వాడు పెద్దయ్యాక చర్చి గుమ్మం తొక్కడు. మీ మ్రొక్కుబడి మీది. దాన్ని మీరు తీర్చేది వాణ్ణి దేవుని భయంలో, ప్రేమలో పెంచడం ద్వారా, అక్కడితో మీ వంతు అయింది. బైబిల్లో హన్నా కూడా మీలాగే మొక్కుకుని కన్న సమూయేలుని తీసుకెళ్లి మందిరంలో అప్పగించింది నిజమే, కానీ ఆ పిల్లాడికి దేవుడెవరో తెలిసింది దేవుడే రాత్రిపూట పేరు పెట్టి పిలిచాక, అది కూడా మూడుసార్లు అక్కడి యాజకుడు ఏలీ పిలిచాడనుకుని పరిగెత్తాక. పెద్దయ్యాక అంత గొప్ప ప్రవక్త అయిన సమూయేలు కొడుకులు యోవేలు, అబీయా ఏం చేశారు? లంచాలు తిన్నారు. తల్లిదండ్రుల భక్తి పిల్లలకి ఆస్తిలాగా రాసివ్వడం కుదరదు, ఇది నాకు మీతో గట్టిగా చెప్పాలనుంది.

వెల్లూరు ఆసుపత్రి మీకు తెలిసే ఉంటుంది, మన వాళ్లు ఎంతమంది వెళ్తారో అక్కడికి. దాన్ని మొదలుపెట్టిన ఐడా స్కడ్డర్ గారిది తాతల నుంచీ మిషనరీ డాక్టర్ల కుటుంబం, కానీ ఆవిడకి మాత్రం మిషనరీ అవ్వడం అస్సలు ఇష్టం లేదు. తల్లికి ఒంట్లో బాగోలేదని తమిళనాడులోని తిండివనం వచ్చారు, మళ్లీ అమెరికా వెళ్లిపోదామనే. అక్కడ ఒక్క రాత్రిలో ముగ్గురు భర్తలు వచ్చి కాన్పు కష్టంగా ఉంది రమ్మన్నారు, నేను డాక్టర్ని కాదు మా నాన్నగారు వస్తారంటే మగ డాక్టరు వద్దన్నారు, తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఆవిడ వెళ్లి మెడిసిన్ చదివి 1899లో పట్టా తీసుకుని 1900లో వెల్లూరులో పని మొదలుపెట్టారు. ఇంట్లో వాళ్లు తోస్తే రాని మనసు ఎదుటి మనిషి అవసరం కళ్లారా చూస్తే వచ్చింది.

అలా చూసే కళ్లు మీ బాబుకి ఇప్పటికే ఉన్నాయి. ఉత్తరం మధ్యలో మీరు ఒక్క లైన్ రాసి వదిలేశారు చూడండి, పక్కింటి తాతకి బీపీ మాత్రలు తెచ్చిస్తాడు, హైదరాబాదులో ఉన్న కొడుక్కి వీడియో కాల్ కలిపి పెడతాడు అని. అమ్మా, అది సేవ కాదా? మన సంఘాల్లో సేవ అంటే మైకు, వాక్యం చెప్పడం, పాట పాడటం అయిపోయింది, అందుకే సిగ్గుపడే పిల్లలంతా మాకు సేవ రాదు అనుకుంటున్నారు. బైబిల్లో దొర్కా అనే ఆవిడ వాక్యం చెప్పిందని ఎక్కడా లేదు, విధవరాళ్లకి బట్టలు కుట్టింది.

పాస్టర్ గారితో మీరే విడిగా మాట్లాడి కొన్నాళ్లు వీడికి మైకు ఇవ్వొద్దని చెప్పండి, ఆయన అర్థం చేసుకుంటారు. సౌండ్ బాక్స్ వైర్లు సర్దడం, మే నెలలో వీబీఎస్‌కి, అంటే సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ తరగతులకి, వచ్చే చిన్నపిల్లల్ని ఆడించడం లాంటివి వాడు ఇష్టపడితే చెయ్యనివ్వండి. నెలకోసారి నలుగురూ కలిసి ఏ గవర్నమెంట్ ఆసుపత్రికో భోజనం పొట్లాలు తీసుకెళ్లండి, ఎంత డబ్బు పెట్టాలి ఏం వండాలి అనేది వాణ్ణే అడగండి, ఫొటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం పెట్టకండి. ఫోన్ ఎక్కువ చూశాడని శిక్షగా చర్చి ఊడ్పించడం లాంటివి వద్దు, ఆ పని మీద అసహ్యం పుడుతుంది.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ. పాప గురించి "అది చెప్పిన పని చేస్తది, దాంతో ఇబ్బంది లేదు" అని తేల్చేశారు. ఇంట్లో ప్రార్థన కూడిక అయ్యాక టీ గ్లాసులన్నీ కడిగేది ఆ పదకొండేళ్ల పిల్లేనట. మ్రొక్కుబడి బాబుకి, గ్లాసులు పాపకా? బైబిల్లో కుష్ఠు ఉన్న సైన్యాధిపతి నయమాను, తన ఇంట్లో చెరగా ఉన్న చిన్నపిల్ల ప్రవక్త దగ్గరికి వెళ్తే నయమవుతుందని చెప్పిన ఒక్క మాటతో బాగుపడ్డాడు. పాపని దగ్గర కూర్చోబెట్టుకుని నీకేం చెయ్యాలనుందమ్మా అని అడగండి, వచ్చే కూడికకి గ్లాసులు మీవారూ బాబూ కడగాలి.

బాబుతో ఇలా అనండి: "నాన్నా, నువ్వు పుట్టాలని ఏడ్చి ఆ ప్రార్థన చేశాను, అది నాకూ దేవుడికీ మధ్య మాట, నువ్వేం అవ్వాలో నువ్వూ దేవుడూ చూసుకోండి, మెకానిక్ అయినా నాకు సంతోషమే." వాడు వెంటనే ఏమీ అనకపోవచ్చు, తాతకి మాత్రలు తేవడానికి వెళ్లిపోవచ్చు, వెళ్లనివ్వండి. రేపు డిగ్రీ అయ్యాక తనంతట తాను బైబిల్ కాలేజీ అంటే అప్పుడు చూద్దాం. ఈ మాట వాడితో అనేముందు మీవారికి చెప్పండి, శాపం అని ఆయన కూడా నిజంగానే భయపడుతున్నట్టున్నారు. ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి నాకు ఫోన్ చెయ్యండి, ఆయనతో నేను మాట్లాడతాను.