దారి దిగితే జరిమానా ఎందుకు?

ప్రశ్న: స్విస్ నేషనల్ పార్కులో దారి వదిలి పక్కకి అడుగు వేసినా జరిమానా అట, పడిపోయిన చెట్టుని కూడా ముట్టుకోరట. అలా గాలికి వదిలేస్తే జీవవైవిధ్యం పెరుగుతుందా, తగ్గుతుందా?

జవాబు: పెరుగుతుంది, కాకపోతే చాలా ఓపిక పట్టాలి. ఆల్ప్స్‌లో అన్నిటికన్నా పాత నేషనల్ పార్కు అది, 1914లో మొదలైంది. అంతకుముందు కొన్ని వందల ఏళ్లు ఆ లోయల్లో గనుల కోసం, ఉప్పు కాచడానికి కట్టెల కోసం చెట్లు నరికారు, పశువుల్ని మేపారు. పార్కు పెట్టాక నరకడం, మేపడం, వేట అన్నీ ఆపేశారు. పశువులు పోతే పచ్చికని అడవి కమ్మేస్తుందని ఎవరైనా అనుకుంటారు కదా, అడవి వస్తోంది కానీ చాలా నెమ్మదిగా, ఎందుకంటే ఆ గడ్డి మీదకి రెడ్ డీర్ దుప్పులు గుంపులుగా చేరాయి. 1917 నుంచి అక్కడ చిన్న చిన్న మడులు గుర్తుపెట్టుకుని మొక్కల్ని లెక్కపెడుతూనే ఉన్నారు. దుప్పులు పొట్టిగా మేసేసిన చోటే మొక్కల రకాలు పెరిగాయి! పొడుగు గడ్డి నీడ తగ్గి, చిన్న మొక్కలకి ఎండ తగిలింది మరి.

నాకు బాగా ఇష్టమైనది మాత్రం నట్‌క్రాకర్ పిట్ట, పార్కు గుర్తు కూడా అదే. స్టోన్ పైన్ అనే ఎత్తైన కొండల మీది పైన్ చెట్టు గింజలకి రెక్కలుండవు, గాలికి ఎగరవు. ఈ పిట్ట కాయని ముక్కుతో పొడిచి గింజలు తీసి, నాలుక కింద సంచిలో కుక్కుకుని, కొండ పైకి పోయి నాలుగేసి గింజల చొప్పున మట్టిలో దాస్తుంది. చలికాలంలో మంచు తవ్వి మరీ తీసుకుంటుంది. తీసుకోకుండా మిగిలిపోయినవే మొలుస్తాయి, అందుకే మనిషి ఎక్కడానికి కష్టపడే బండ సందుల్లో కూడా స్టోన్ పైన్ కనిపిస్తుంది. ఒకప్పుడు ఈ పిట్టని అడవికి చేటని చంపేవాళ్లు, తలుచుకుంటే బాధేస్తుంది.

పడిన చెట్టు సంగతికొస్తే, ఆ చలిలో అది కుళ్లడానికే దశాబ్దాలు పడుతుంది, అన్నాళ్లూ బూజులకీ పురుగులకీ అదే ఇల్లు, అదే తిండి, ఆ పురుగుల కోసం వడ్రంగి పిట్టలూ వస్తాయి.

పూర్తిగా వదిలేశారనడం కూడా సరికాదు. మనిషి చేతుల్లో ఆ ప్రాంతంలో అంతరించిన ఐబెక్స్ కొండమేకల్ని 1920లో, గడ్డం రాబందుల్ని 1991 నుంచి తెచ్చి వదిలారు. మనం పోగొట్టినదాన్ని మనమే తెచ్చివ్వాలి, అది న్యాయమే.

ఇక జరిమానా. దారి మీద నడిచేవాళ్లకి మార్మాట్‌లు (బొరియల్లో ఉండే పెద్ద ఉడుతలాంటి జంతువులు) అలవాటుపడిపోతాయి, పక్కన కూర్చుని గడ్డి తింటుంటాయి. అదే దారి దిగి ఒక్కరు దగ్గరికెళ్తే ఈల వేసి బొరియలోకి దూరతాయి. చలికాలంలో ఆరు నెలల నిద్రకి సరిపడా కొవ్వు ఆ కాస్త వేసవిలోనే పెంచుకోవాలి, ఊరికే పరిగెత్తించకూడదు కదా. మీరు వెళ్లేటట్టయితే సెప్టెంబరు చివర్లో పార్కులోని ట్రుప్‌చున్ లోయకి వెళ్లండి, బైనాక్యులర్ తప్పకుండా పట్టుకెళ్లండి. దుప్పులు జతకట్టే కాలం అది, మగదుప్పుల అరుపులు లోయంతా వినిపిస్తాయి.