చిరునామా లేనివారికి న్యాయసహాయం

ప్రశ్న: మేము నలుగురు స్నేహితులం వారానికోసారి రాత్రిపూట బస్టాండు పక్కన పడుకునేవారికి దుప్పట్లు పంచుతుంటాము. అక్కడ ఒక తల్లి, ఆమె పంతొమ్మిదేళ్ల కొడుకు, ఎనిమిదేళ్ల కూతురు ఉంటున్నారు. ఫుట్‌పాత్ ఖాళీ చేయించిన రోజున వారి మూట చెత్తబండిలోకి పోయింది. ఆధార్ కార్డులు అందులోనే ఉన్నాయి. కాగితాలు లేవని పాపను బడిలో చేర్చుకోలేదు. ఇటువంటి వారికి ఉచితంగా వకీలు దొరుకుతారా? – ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా దొరుకుతారు. న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలు, పిల్లలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. ఇల్లు గానీ, చిరునామా గానీ ఉండి తీరాలని ఆ సెక్షన్ ఎక్కడా చెప్పలేదు. కొడుకు మేజరు కనుక మీ రాష్ట్రంలో నిర్ణయించిన ఆదాయ పరిమితిని చూస్తారు. అందుకు సాధారణంగా అతని అఫిడవిట్ సరిపోతుంది. అతను ఎస్సీ, ఎస్టీ అయినా, పోలీసుల నిర్బంధంలో ఉన్నా ఆ పరిమితి కూడా వర్తించదు.

ముందు పాప చదువు సంగతి చూడండి, ఎందుకంటే మిగతావి నెల ఆగినా ఆగుతాయి. వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదని విద్యాహక్కు చట్టం, 2009లోని 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఉచిత న్యాయసహాయం అందించే న్యాయసేవాధికార సంస్థ నుంచి ఆ మాట లిఖితపూర్వకంగా వెళితే ప్రధానోపాధ్యాయులు సాధారణంగా కాదనరు. ఆధార్ విషయంలో కార్డు పోయినంత మాత్రాన నంబరు పోదు. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలతో దానిని తిరిగి తెలుసుకోవచ్చు.

మూట పోవడం చిన్న విషయం కాదు. ఫుట్‌పాత్‌పై నివసించే హక్కును సుప్రీంకోర్టు గుర్తించలేదు గానీ, 1985 నాటి ఓల్గా టెల్లిస్ తీర్పులో జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేననీ, ఖాళీ చేయించే ముందు సాధారణంగా నోటీసు ఇచ్చి వారి మాట వినాలనీ చెప్పింది. ఆ రోజు ముందుగా ఎవరైనా చెప్పారా, సామాన్లు తీసుకునే వ్యవధి ఇచ్చారా అన్నది ఆ తల్లి నోటి నుంచే విని, తేదీతో సహా రాసి పెట్టుకోండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను: వారిని న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకు పంపి ఊరుకోకండి. కోర్టు ఆవరణ దాకా వచ్చి, చెట్టుకింద వదిలిన మూటను ఎవరు చూస్తారన్న దిగులుతో గేటు దగ్గరే వెనుదిరిగిన ఒక తల్లిని నేనెరుగుదును. చివరకు ఆమె పడుకునే చోటికే వెళ్లి, సెల్‌ఫోన్ వెలుతురులో వకాలత్‌నామాపై (వకీలుకు కేసు అప్పగించే పత్రంపై) వేలిముద్ర తీసుకున్నాము. ఇల్లులేని వారు ఓటరు నమోదు ఫారంలో తాము చెప్పిన చోటే నిద్రిస్తున్నారో లేదో చూడటానికి బూత్ స్థాయి అధికారి రాత్రివేళ వెళ్లాలని ఎన్నికల సంఘమే నిర్దేశించినప్పుడు, న్యాయసహాయం రాత్రి వెళ్లకూడదనడానికి కారణం లేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి ఉత్తరం రాసి, మీరు దుప్పట్లు పంచే రాత్రే ఒక పారా లీగల్ వాలంటీరును (న్యాయసహాయంలో శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తను) మీతో పంపమని కోరండి. న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100 నంబరుకు ఫోన్ చేసినా వివరాలు చెబుతారు.

చదువు రానివారి దరఖాస్తును కార్యాలయంవారే రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవాలి. చిరునామా గడిలో వారు పడుకునే చోటును గుర్తులతో సహా రాయించి, వారు ఒప్పుకుంటే మీ ఫోన్ నంబరు ఇవ్వండి.